1,100 రూపాయల మాక్రో లెన్స్‌తో తలకోన కుక్కగొడుగుల వెంట: ఒక వానాకాలం వాడాక నా మాట

ముందే చెప్పేస్తా. గాజు బాగుంది, క్లిప్పు దరిద్రం, దాంతో పాటు ఇచ్చిన లైటు శుద్ధ దండగ. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడే ఆపేయొచ్చు. ఇది సెల్‌ఫోన్ కెమెరా మీద బిగించుకునే చిన్న మాక్రో లెన్స్ గురించి, అంటే బుల్లి వస్తువుల్ని దగ్గర నుంచి పెద్దగా తీసే గాజు. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇదే సరుకు నాలుగు పేర్లతో అమ్ముతున్నారు, పెట్టె రంగొక్కటే తేడా.

అసలు ఎందుకు కొన్నానంటే, పోయినేడాది ఆశ్వయుజం చివర్లో ఒక రాత్రి దబదబా వాన కురిసి, తెల్లారేసరికి తిరుపతిలో మా మేడ మీద తులసి కుండీలో నిమ్మపండు రంగు గొడుగులు ఐదు లేచి నిలబడ్డాయి. అంత పసుపు నేను పూలలో కూడా తక్కువ చూశాను. మా అమ్మ "తులసమ్మ పక్కన కుక్కగొడుగులేంటే, పీకి పారెయ్" అంది. ఆగమ్మా ఆగమ్మా అంటూ ఫోను తెచ్చి తీస్తే, దగ్గరికి పెట్టేకొద్దీ మసక, దూరం జరిగితే పసుపు చుక్క. సరే సాయంత్రం తీరిగ్గా తీద్దామని ఆఫీసుకు పోయి వచ్చేసరికి ఐదూ తడిగుడ్డల్లా వాలిపోయి ఉన్నాయి. తర్వాత తెలిసింది, దాని పేరు ల్యూకోకోప్రినస్ బిర్న్‌బామీ అట, మనలాంటి వేడి ప్రాంతాల్లో కుండీల్లో మామూలుగా వచ్చేదేనట, మొక్కకు ఏ హానీ చేయదట, కాకపోతే తినకూడదు. ఆ రాత్రే లెన్స్ ఆర్డరు పెట్టేశా. ఈ ఏడాది మొదటి వానల నుంచి కార్తీకం దాకా వాడాను.

పెట్టెలో ఏముందంటే, రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్ద గాజు, దానికి అల్యూమినియం గొట్టం, బట్టలారేసే క్లిప్పు లాంటి ఒక ప్లాస్టిక్ క్లిప్పు, మూత, తుడుచుకునే గుడ్డ, చుట్టూ వెలిగే బుల్లి లైటు. పెట్టె మీద 15 ఎక్స్ అని పెద్దక్షరాలతో రాశారు. ఆ అంకెను పట్టించుకోకండి. కొనేముందు చూడాల్సింది లెన్స్‌కీ వస్తువుకీ మధ్య ఎంత దూరంలో ఫోకస్ కుదురుతుందనేది. నా దానికి రెండు వేళ్ల మందం, అంతే. అక్కడి నుంచి గోరంత వెనక్కి పోయినా మసకే, ముందుకు పోయినా మసకే. తెర మీద వేలితో తాకి ఫోకస్ పెట్టడం అనే అలవాటు మర్చిపోవాలి. ఫోనును రెండు చేతులతో పట్టుకుని, మనమే ఊగుతూ ముందుకీ వెనక్కీ జరగాలి, స్పష్టంగా కనిపించిన క్షణంలో నొక్కాలి. మొదటి రెండు రోజులు మెడ పట్టేసింది.

మొదటి వారం మాత్రం మోసపోయాననే అనుకున్నా. ఫోనును పువ్వు దగ్గరికి తీసుకుపోగానే తెర మీద ఒక పక్కంతా నల్లటి వంపు వచ్చేది. లెన్స్ పాడైందేమోనని వాపసు చేయడానికి పెట్టె కూడా కట్టేశా. మా తమ్ముడు చూసి నవ్వాడు. ఏమైందంటే, నా ఫోనుకి వెనక మూడు కెమెరాలు, దగ్గరి వస్తువు కనబడగానే ఫోను తనంతట తానే వెడల్పు కెమెరాకి మారిపోతోంది, నేను లెన్స్ తగిలించింది మెయిన్ కెమెరాకి. సెట్టింగుల్లో ఆ ఆటో మాక్రో ఆపేస్తే సరిపోయింది. మెయిన్ కెమెరా ఏదో తెలియకపోతే 1 ఎక్స్‌లో పెట్టి ఒక్కోదాన్ని వేలితో మూసి చూడండి, ఏది మూస్తే తెర నల్లబడిందో అదే. ఫోను కవరు కూడా తీసేయాలి, మందంగా ఉంటే గాజు సరిగ్గా ఆనదు. అంటే అడవిలో, బండల మధ్య, వానలో, మీ ఫోనుకి కవరు ఉండదన్నమాట. కొత్త ఫోను కొన్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి.

ఇక అసలు పరీక్ష తలకోనలో. తిరుపతి నుంచి 60 కిలోమీటర్ల లోపే, రంగంపేట, భాకరాపేట ఘాటు దాటి, యర్రావారిపాళెం, నెరబైలు మీదుగా బండి మీద పోయాం, నేనూ తమ్ముడూ. మన శేషాచలం కొండలు ఎక్కువ భాగం పొడి అడవే, ఎర్రచందనం చెట్లు పెరిగే ఎర్రమట్టి, ఎండాకాలంలో చూస్తే ఇక్కడ పుట్టగొడుగు మొలుస్తుందంటే ఎవరూ నమ్మరు. తలకోన లోయ మాత్రం వేరు. వాగు, మీద చెట్ల కప్పు, కింద ఎప్పుడూ తేమ. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు ఎక్కువ కాబట్టి, ఉత్తరాదిలో అడవి ఆరిపోయే రోజుల్లో ఇక్కడ మాను మానుకీ ఏదో ఒకటి మొలుస్తూ ఉంటుంది. కార్తీకం ఆదివారాలు మాత్రం వద్దు. వనభోజనాల జనంతో దారి పట్టదు, మనం నేల మీద పడుకుంటే తొక్కేస్తారు. మేము మంగళవారం పోయాం, ఒక రోజు సెలవు పెట్టి.

జలపాతానికి పోయే దారి పక్కనే ఒక మాను పడి ఉంది, బెరడు ఊడిపోయి, పాచి పట్టి. దాని పగుళ్ల వెంబడి నారింజ రంగు తుంపులు కనిపించాయి, ఎవరో మామిడి తాండ్ర చించి అతికించినట్టు. మామూలు ఫోనుతో తీస్తే నారింజ గీత, అంతే. లెన్స్ పెట్టగానే నేను నోరు తెరిచేశా. ఒక్కోటి చిన్న గరిటె ఆకారంలో, అడుగున సన్నటి కాడ, పైన వెడల్పు, వెలుతురు అందులోంచి దూరి వస్తోంది, పెద్ద గరిటె అంచు మీద ఒక నీటిబొట్టు, ఆ బొట్టులో పైనున్న చెట్లు తలకిందులుగా. డాక్రియోపినాక్స్ స్పాథులేరియా అంటారు దీన్ని. జిగురు జాతి, ఎండితే ముడుచుకుపోతుంది, తడిస్తే మళ్లీ ఉబ్బుతుంది. ఎత్తు ఒక గోరంత. ఈ ఒక్క ఫోటోతో నా 1,100 రూపాయలు వసూలయ్యాయని అక్కడే అనుకున్నా.

లైటు సంగతి కూడా అక్కడే తేలిపోయింది. ఆ చుట్టు లైటు వెలిగిస్తే ప్రతి గరిటె మీదా తెల్లటి గాజుల్లాంటి వలయాలు పడ్డాయి, తడి వస్తువు కదా, అద్దంలా తిప్పి కొట్టింది. తీసి సంచిలో పడేశా, మళ్లీ బయటికి రాలేదు. దాని బదులు ఏం చేశామంటే, భాకరాపేటలో ఇడ్లీ కట్టించుకున్న వెండిరంగు కాగితం ఉంది కదా, దాన్ని తుడిచి సాపు చేసి తమ్ముడు ఒక పక్కన వాలుగా పట్టుకున్నాడు. మీద నుంచి పడే కాస్త వెలుతురు దాని మీద పడి గొడుగు అడుగుకి చేరింది. కాస్త చట్నీ వాసన వచ్చింది, పర్లేదు. పుట్టగొడుగుకి అందమంతా అడుగునే ఉంటుంది, వెలుతురు మాత్రం మీద పడుతుంది, కాబట్టి ఈ కాగితం లేకుండా పోకండి.

ఇలా పొట్ట మీద పడుకుని తీస్తుంటే వెనక నుంచి కేక. ఫారెస్టు గార్డు. "ఏం చేస్తాండారమ్మా ఆడ? ఏమన్నా పోగొట్టుకున్నారా?" ఎర్రచందనం దొంగల బాధతో ఇక్కడ మనిషి వంగి నడిచినా అనుమానమే, ఆయన తప్పేమీ లేదు. లేచి మట్టి దులుపుకుని ఫోటో చూపించా. ఆయన ఫోను తీసుకుని, తెర పెద్దది చేసి, మాను వైపు చూసి, మళ్లీ తెర చూసి, "ఇది ఈడిదేనా?" అన్నాడు. ఈడిదే అన్నా. "రోజూ ఇట్లే పోతాండా, ఎప్పుడూ చూళ్లేదు" అని, కాసేపాగి, "ఎర్రంగా ఉండేది ఇంకోటుంది, రాండి, దారి మాత్రం దిగొద్దు" అని తనే ముందు నడిచాడు.

అది పిక్నోపోరస్ సాంగ్వినియస్. ఎండిన కొమ్మ మీద విసనకర్రల్లా పరుచుకుని, సాంగ్వినియస్ అనే లాటిన్ మాటకు తగ్గట్టు రక్తం రంగు. ఇక్కడ లెన్స్ తప్పు కాదు, ఫోను తప్పు. ఎరుపూ నారింజా ఎక్కువైతే ఫోను వాటిని ఇంకా ముదురు చేసి పారేస్తుంది, గీతలూ గరుకూ ఏమీ కనబడకుండా ఎర్రరంగు డబ్బా ఒలికినట్టు వస్తుంది. తెర తాకి వెలుతురు గీతను కిందికి లాగాలి, బొమ్మ మరీ నల్లగా ఉందే అనిపించేదాకా. అప్పుడు అడుగున సూది మొనల్లాంటి రంధ్రాలు కనిపించాయి. మామూలు గొడుగుల అడుగున ఉండే మడతలు దీనికి ఉండవు, ఆ రంధ్రాల్లోంచే బీజాలు రాలతాయి. తెల్ల వాటితో ఇంకో తంటా. చెట్ల నీడలో అంతా ఆకుపచ్చ చాయ పడి తెల్లగొడుగు పాచి పట్టినట్టు వస్తుంది. పక్కన తెల్ల జేబురుమాలు పెట్టి ఒక ఫోటో తీసుకుని, ఇంటికి వచ్చాక దాన్ని బట్టి రంగు సరిచేస్తే సరిపోతుంది.

నా ఊపిరి కూడా శత్రువే అని చెప్పాలి. మొహం అంత దగ్గర పెట్టి చూస్తాం కాబట్టి రెండు నిమిషాలకోసారి గాజు మీద ఆవిరి. వాళ్లిచ్చిన గుడ్డ మొదటి అరగంటలోనే తడిసిపోయింది. పాత నూలు చీర ముక్కలు నాలుగు వేరే వేరే కవర్లలో పెట్టుకుని పోవడం నేర్చుకున్నా.

ఈ లెన్స్‌తో నేను చూసినవాటిల్లో ఇప్పటికీ మర్చిపోలేనిది పక్షిగూడు పుట్టగొడుగు, సయాథస్ జాతి. రాలిన పుల్లల మీద శనగగింజంత గిన్నెలు, ఒక్కో గిన్నెలో అడుగున నాలుగైదు బూడిద రంగు గుడ్లు. నిజంగా గుడ్లే అనిపిస్తాయి. అవి బీజాల మూటలు. వాన చినుకు సూటిగా గిన్నెలో పడితే ఆ దెబ్బకి గుడ్డు ఎగిరి మీటరు దూరం దాకా పోయి పడుతుంది. ఒట్టి కంటితో చూస్తే ఇది మట్టి. తొక్కుకుంటూ పోతాం. అయితే లెన్స్ బలహీనత కూడా ఇక్కడే బయటపడింది. గుడ్ల మీద ఫోకస్ పెడితే గిన్నె అంచు మసక, అంచు మీద పెడితే గుడ్లు మాయం. ఫోకస్‌లో ఉండే మందం వడ్లగింజంత కూడా లేదు. ఒకే చోట ఫోను పెట్టి కాస్త కాస్తగా జరుపుతూ పది తీసి, తర్వాత ల్యాప్‌టాప్‌లో కలిపితే మొత్తం స్పష్టంగా వస్తుంది, ఫోకస్ స్టాకింగ్ అంటారు. కానీ చేత్తో పట్టుకుని తీసినవి ఒకదాని మీద ఒకటి కూర్చోవు. అందుకని ఒక చిన్న గుడ్డ సంచిలో బియ్యం పోసి కట్టి, దాని మీద ఫోను పెట్టా. మొదటిసారి బ్రహ్మాండం. వానకు తడిసిన సంచిని మూడు రోజులు బండి డిక్కీలో మర్చిపోయా, ఆ వాసన వర్ణించను. ఇప్పుడు ఇసుక పోశా. ఇంకో చిట్కా, ఫోనును తలకిందులుగా పట్టుకోండి. కెమెరా నేలకి ఆనుతుంది, గొడుగు కిందికి చూడొచ్చు.

అంచుల దగ్గర గాజు కొంచెం ఊదారంగు పూస్తుంది, నాలుగు మూలలూ మెత్తబడతాయి. వస్తువును మధ్యలో పెట్టుకుని తర్వాత కత్తిరించుకుంటే అంత తెలియదు. ఈ ధరకి దాని మీద గొడవ పడను.

పెద్దవాటికి మాత్రం ఈ లెన్స్ పనికిరాదు. సెప్టెంబరు వానలకి భాకరాపేట అవతల ఒక చేని గట్టున అసలైన పుట్టగొడుగులు కనిపించాయి, అంటే పేరుకు తగ్గట్టు చెదపుట్ట మీద లేచినవి. టెర్మిటోమైసిస్ జాతి. చెదలు లోపల దీన్ని పంట వేసినట్టు పెంచుకుంటాయి, గొడుగు కాడ వేరులా సాగి కింద ఆ తోట దాకా పోతుంది. మన పెద్దవాళ్లు ఊరికే పుట్టగొడుగు అనలేదు కదా, సరిగ్గా చూసే పెట్టారు పేరు. దాని తల అరచేయంత. రెండు వేళ్ల దూరం నుంచి తీస్తే తెల్లగోడ ఫోటో వచ్చింది. లెన్స్ తీసేసి, ఫోను తలకిందులు చేసి, వెడల్పు కెమెరాతో కింద నుంచి ఆకాశం పడేలా తీస్తే అద్భుతంగా వచ్చింది. కాబట్టి మీకు ఇలాంటి పెద్ద గొడుగులే ఇష్టమైతే ఈ 1,100 మిగుల్చుకోండి.

అలాగే ఎర్రటి తల మీద తెల్ల చుక్కలున్న బొమ్మల పుస్తకం గొడుగు కోసం ఎవరైనా కొంటుంటే, అది చలి ప్రాంతాల్లో పైన్, బర్చ్ లాంటి చెట్ల వేళ్లతో కలిసి బతికేది, తలకోనలో దొరకదు. మన దగ్గర దొరికే వాటికేం తక్కువ? తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ క్యాంపస్‌లో పొద్దున నడకకి పోయినప్పుడు ఎండుకొమ్మ మీద బూడిద రంగు విసనకర్రలు చూస్తుంటాం, షైజోఫిల్లం కమ్యూన్. ఎవరూ ఆగి చూడరు. లెన్స్ పెట్టి చూడండి, పైన ఉన్ని దుప్పటిలా నూగు, అడుగున ప్రతి మడతా పొడుగునా రెండుగా చీలి ఉంటుంది. ఎండకి ఆ చీలికలు ముడుచుకుంటాయి, నీళ్లు చల్లితే విచ్చుకుంటాయి. ఈ జాతిలో ఆడా మగా అని రెండు కాదు, 20,000 పైచిలుకు రకాలున్నాయట. మా తమ్ముడు అది విని పెళ్లిళ్ల పేరయ్య ఏమైపోవాలి అన్నాడు.

ఫోటోలు పెట్టగానే చుట్టాలందరూ అడిగే ప్రశ్న ఒకటుంది, "తినొచ్చా?" అని. నన్ను అడగొద్దు. ఏ యాప్‌నీ అడగొద్దు. పచ్చిక మీద తెల్లగా, గుండ్రంగా, బజారు పుట్టగొడుగులా కనిపించే క్లోరోఫిల్లం మొలిబ్డైటిస్ కడుపు తిప్పేస్తుంది, ముదిరాక దాని మడతలు పచ్చబడతాయి, అప్పటిదాకా అమాయకంగా ఉంటుంది. అమనిటా జాతిలో కొన్నిటి విషం ఉడికించినా పోదు, బాధలు మొదలయ్యేసరికి గంటలు గడిచిపోతాయి. పేరు తెలుసుకోవాలంటే ఐనాచురలిస్ట్‌లో పెట్టండి, మొక్కలూ జీవుల ఫోటోలు చూసి తెలిసినవాళ్లు పేరు చెప్పే వెబ్‌సైటు అది, కానీ పైనుంచి తీసిన ఒక్క ఫోటోతో ఎవరూ చెప్పలేరు, అడుగు భాగం, కాడ మొదలు, మొలిచిన కర్ర కూడా తీయండి. పీక్కుని రావద్దు. తలకోన ఉన్నది జాతీయ పార్కులో, 1989 నుంచి. దారి వదిలి లోపలికి దూరొద్దు, చిరుతలు తిరిగే చోటు, మనం నేల మీద పాకుతూ ఉంటాం, ఒక మనిషి ఎప్పుడూ నిలబడి చుట్టూ చూస్తుండాలి. మా తమ్ముడికి కాగితం పట్టుకోవడంతో పాటు ఇదీ డ్యూటీ. సాయంత్రం నాలుగుకల్లా బండెక్కేయాలి, ఘాట్‌లో పొగమంచు మొదలవకముందే.

ఇప్పుడు క్లిప్పు. మూడో ట్రిప్పులో వంగి లేస్తుంటే టప్‌మని ఎగిరింది. గాజు ఆకుల కుప్పలో పడింది. ఇద్దరం ఇరవై నిమిషాలు ఆకులు తిరగేశాం, తేలు ఉంటుందేమోనని పుల్లతో. దొరికింది, గీత కూడా పడలేదు, అందుకే గాజును మెచ్చుకుంటున్నా. కానీ క్లిప్పు లోపలి రబ్బరు ముక్క ఊడి ఎక్కడో పోయింది, అప్పటి నుంచి బిగించినప్పుడల్లా స్క్రీన్ గార్డు మీద గీతలు. అమ్మినవాళ్లకి రాస్తే, వారంటీ గాజుకే, క్లిప్పుకి లేదు, కావాలంటే తర్వాతి ఆర్డరులో 50 రూపాయలు తగ్గిస్తాం అన్నారు. క్లిప్పు లేకుండా ఆ గాజును నేను నుదుటి మీద పెట్టుకోవాలా? ఆ మాటకి రెండు నక్షత్రాలు కోసేశా, మూడిచ్చా.

కొత్త క్లిప్పు విడిగా 150కి దొరుకుతోందని తమ్ముడు పంపాడు, ఇంకా కొనలేదు. ప్రస్తుతానికి ఫోనుకి అడ్డంగా రెండు రబ్బరు బ్యాండ్లు, కొత్తిమీర కట్టకి వచ్చేవి. ఒకటి వాల్యూమ్ బటన్ మీద పడుతోంది, అందువల్ల సగం సార్లు ఫోటో దానంతటదే పడిపోతోంది. అమ్మ మాత్రం ఇప్పుడు కొత్తిమీర తెచ్చినప్పుడల్లా రబ్బరు బ్యాండు తీసి నా ఫోను పక్కన పెడుతోంది.